ఐదు వేల రూపాయల లోపు మంచి మంగలి కత్తిని ఎంచుకోవడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీరు హన్మకొండలో ఉంటారు, ఇన్నాళ్లూ సేఫ్టీ రేజరుతోనే గడ్డం చేసుకున్నారు, ఇప్పుడు బ్లేడు మార్చే పని లేని అసలైన మంగలి కత్తికి మారాలనుకుంటున్నారు. చేతిలో ఐదు వేల రూపాయలు ఉన్నాయి. ఆ డబ్బుకు ఏ కంపెనీ కత్తి కొనాలి, కార్బన్ స్టీలు మంచిదా లేక స్టెయిన్‌లెస్ మంచిదా, సానరాయి కూడా కొనుక్కోవాలా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, ఆ డబ్బులో సగానికి మించి కత్తి మీద పెట్టకండి. ఆ సగంతో జర్మనీలో గానీ ఇంగ్లాండులో గానీ తయారైన పాత కార్బన్ స్టీలు కత్తిని వెతకండి. వెడల్పు 5/8 లేదా 6/8 అంగుళం ఉండాలి, కొన గుండ్రంగా ఉండాలి, వాదర (గడ్డం గీసే పదునైన అంచు) దగ్గర తుప్పు గుంటలు ఉండకూడదు. మిగతా సగాన్ని పదును నిలబెట్టే తోలు పట్టీకి, నూరుకునే సరంజామాకు అట్టే పెట్టండి. పాతది మంచిది దొరకకపోతే చైనాలో తయారయ్యే గోల్డ్ డాలర్ కత్తి తీసుకుని, పని తెలిసినవారి చేత ఒకసారి సరిగా నూరించుకోండి. కత్తులకు పేరున్న జర్మనీ ఊరు జోలింగెన్‌లో తయారైన కొత్త కత్తి ఈ ధరకు రాదు. వస్తుందని ఎవరైనా చూపిస్తే దాన్ని నకిలీగా భావించి పక్కన పెట్టడమే క్షేమం.

ఇక కారణాలు చెబుతాను. మా ఇంట్లో ఇది తాతల నాటి నుంచి వస్తున్న వృత్తి. మా బాపు కాజీపేటలో దుకాణం నడిపినప్పుడు ప్రతి గడ్డమూ ఉస్తరతోనే, అంటే ఈ మంగలి కత్తితోనే గీసేవారు. రోగాల భయం పెరిగి, ఒక్కో మనిషికి ఒక్కో కొత్త బ్లేడు వాడాలన్న పద్ధతి వచ్చాక దుకాణాల్లో ఆ కత్తులు మూలన పడ్డాయి, అది సరైన మార్పే. నేను ఇప్పుడు దుకాణంలో బ్లేడు కత్తే వాడుతున్నాను గానీ, ఇంట్లో సొంతానికి ఉస్తర వాడుకునేవారు వరంగల్ నుంచి, కరీంనగర్ నుంచి, ఆదిలాబాద్ దాకా తమ కత్తులు పంపితే నూరి ఇస్తుంటాను. కాబట్టి కొనుక్కున్నవారు ఎక్కడ సంతోషపడ్డారో, ఎక్కడ డబ్బు పోగొట్టుకున్నారో నా బల్ల మీదికి వచ్చే కత్తులను బట్టి నాకు తెలుస్తుంది.

కత్తి మంచిదా కాదా అన్నది మొదట దాని ఆకారం, తరువాత ఉక్కు, ఆ తరువాత దాన్ని నూరిన చేయి నిర్ణయిస్తాయి. పేరు, పిడి, పెట్టె చివరన వస్తాయి. కొత్తగా కొనేవారిలో చాలామంది ఈ వరుసను తలకిందులుగా పట్టుకుంటారు. కరీంనగర్ నుంచి ఒక లెక్చరర్ గారు మీ బడ్జెట్‌కు మూడింతలు పెట్టి కొన్న విదేశీ కత్తిని, గడ్డం గీస్తుంటే వెంట్రుకలు లాగుతున్నాయని పంపించారు. కత్తిలో ఏ లోపమూ లేదు. కర్మాగారం నుంచి వచ్చిన పదును మొహానికి సరిపోయేంత సన్నగా లేదు, ఆయన దగ్గర తోలు పట్టీ కూడా లేదు. రాళ్ల మీద చివరి రెండు దశలు నూరి, తోలు మీద తీసి పంపాక అదే కత్తి హాయిగా నడిచింది. ఆయన కత్తికి పెట్టిన డబ్బులో కొంత పట్టీకి పెట్టి ఉంటే మొదటి నెలంతా మొహం మంట పెట్టుకునే అవసరం వచ్చేది కాదు.

ఆకారం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మంగలి కత్తికి ఒక విశేషం ఉంది. వంటింటి కత్తిని నూరేటప్పుడు ఏ కోణంలో పట్టుకోవాలో మన చేయి చూసుకోవాలి. మంగలి కత్తిలో ఆ కోణాన్ని కత్తి వెన్నే, అంటే వాదరకు ఎదురుగా ఉండే మందపాటి అంచే నిర్ణయిస్తుంది. కత్తిని రాయి మీద పూర్తిగా పడుకోబెడితే వెన్ను, వాదర రెండూ రాయికి తగులుతాయి. అంటే వెన్ను మందానికీ కత్తి వెడల్పుకూ ఉన్న నిష్పత్తే పదును కోణం. 16 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న కత్తికి, అంటే 5/8 అంగుళం కత్తికి, వెన్ను 4.5 మిల్లీమీటర్ల మందం ఉంటే రెండు పక్కలా కలిపి కోణం సుమారు 16 డిగ్రీలు వస్తుంది. గడ్డానికి అది చక్కగా సరిపోతుంది. అదే కత్తిని ఏళ్ల తరబడి మోటుగా నూరి వెన్నును 3.5 మిల్లీమీటర్లకు అరగదీస్తే కోణం 12, 13 డిగ్రీల దగ్గరికి పడిపోతుంది. అప్పుడు వాదర మరీ పలచనై, ఎంత నూరినా రెండు మూడు గడ్డాలకే చిట్లిపోతుంది. అందుకే నేను కత్తి చేతికి రాగానే ముందు వెన్ను మందం కొలుస్తాను. వెన్ను మందాన్ని వెడల్పుతో భాగిస్తే 0.25 నుంచి 0.30 మధ్య రావాలి. అమ్మేవారిని ఈ రెండు కొలతలు అడగండి. చెప్పలేనివారి దగ్గర కొనకండి.

వెడల్పును అంగుళంలో ఎనిమిదో వంతుల్లో చెబుతారు. 4/8 తేలికగా ఉంటుంది గానీ నురుగు త్వరగా నిండిపోతుంది. 7/8, 8/8 కత్తులు బరువుగా, చూడటానికి గంభీరంగా ఉంటాయి గానీ ముక్కు కింద, పెదవి అంచున తిప్పడం కొత్తవారికి కష్టం. 5/8 గానీ 6/8 గానీ తీసుకుంటే ఏ చిక్కూ ఉండదు. కొన విషయంలో మాత్రం పట్టుదలగా ఉండండి. చదరపు కొన మీసం అంచు దిద్దడానికి బాగుంటుంది, కానీ చేయి కుదరక ముందు చెవి తమ్మెకో బుగ్గకో గుచ్చుకుంటుంది. మొదటి కత్తికి గుండ్రటి కొనే ఉండాలి.

ఇక పక్కల తొలుపు. ఇంగ్లాండులోని షెఫీల్డ్ ఊళ్లో చేసిన పాత కత్తుల్లో చాలావాటికి పక్కలు దాదాపు చదునుగా ఉండి, అడ్డంగా కోసి చూస్తే సన్నటి త్రికోణంగా కనిపిస్తాయి. జర్మన్ కత్తులు రెండు పక్కలా లోపలికి తొలిచి, వాదర దగ్గర రేకులా సన్నగా ఉంటాయి. దీన్నే హాలో గ్రైండ్ అంటారు. పూర్తి హాలో కత్తి గడ్డం మీద నడిచేటప్పుడు సన్నగా శబ్దం చేస్తుంది, నూరడం కూడా సులువు, ఎందుకంటే రాయి మీద తీయాల్సిన లోహం తక్కువ. తక్కువ లోతుగా తొలిచిన సగం హాలో కత్తి కొంచెం బిర్రుగా ఉండి, ముదురు గడ్డానికి, అలవాటు లేని చేతికి ఓర్చుకుంటుంది. మీకు నేను సగం హాలో నుంచి పూర్తి హాలో మధ్య ఏదైనా సరేనంటాను. చదును పక్కల షెఫీల్డ్ కత్తులు చాలా మంచివి, నాకు ఇష్టమైనవి కూడా. కానీ వాటిని నూరడానికి ఓపిక, అనుభవం ఎక్కువ కావాలి కనుక మొదటి కత్తిగా వద్దు.

పాత కత్తి ఎందుకు అంటున్నానంటే, కొత్త కత్తుల్లో మీ ధరకు దొరికేవాటి కంటే పాతవాటి ఉక్కు, తొలుపు రెండూ మెరుగ్గా ఉంటాయి. జర్మనీలోని జోలింగెన్, ఇంగ్లాండులోని షెఫీల్డ్, ఫ్రాన్సులోని తియేర్, స్వీడన్‌లోని ఎస్కిల్‌స్టూనా ఊళ్లలో ఒకప్పుడు ఈ కత్తులు ప్రపంచమంతటికీ సరిపడా తయారయ్యేవి. సేఫ్టీ రేజర్లు వచ్చాక గిరాకీ పడిపోయి, అప్పటికే తయారైనవి ఇళ్ల పెట్టెల్లో మిగిలిపోయాయి. వాటిలో పెద్ద పేరు లేనివి ఇప్పటికీ తక్కువ ధరకు దొరుకుతాయి. జోలింగెన్ అన్న పేరును ఆ ఊరి వెలుపల తయారైన కత్తుల మీద వేయకుండా జర్మనీలో 1938లోనే చట్టం వచ్చింది, అందుచేత ఆ ముద్ర నిజమైనదైతే దానికి విలువ ఉంది. బోకర్ వారి చెట్టు గుర్తు, హెంకెల్స్ వారి జంట మనుషుల గుర్తు, డోవో పేరు కనిపిస్తే అమ్మేవాళ్లు ధర పెంచుతారు. అదే ఊళ్లో, అదే రకం ఉక్కుతో చేసిన, ఎవరూ గుర్తుపట్టని పేరున్న కత్తి సగం ధరకు వస్తుంది. మీరు వెతకాల్సింది దాన్నే.

ఎంత పాతదో అంచనా కట్టడానికి ఒక చిన్న ఆధారం ఉంది. 1890లో అమెరికా చేసిన సుంకాల చట్టం ప్రకారం ఆ దేశానికి వచ్చే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలన్న నిబంధన పెట్టారు. 1891 నుంచి కత్తుల తోక మీద, అంటే వాదరకూ పిడికీ మధ్య ఉండే మందపాటి కాడ మీద, జర్మనీ, ఇంగ్లాండ్ అన్న పేర్లు ఎక్కువగా కనిపించడం ఆ కారణం చేతనే. అది లేనంత మాత్రాన కత్తి మరీ పాతదని తేల్చలేము గానీ, ఉంటే దాదాపు ఆ తరువాతిదని అనుకోవచ్చు. గడ్డం గీయడానికి మాత్రం వయసుతో పని లేదు.

దొరికే చోట్ల విషయానికి వస్తే, హైదరాబాదులో పురానాపూల్ వైపు గురువారం జరిగే జుమేరాత్ బజారు, ఎర్రగడ్డలో ఆదివారం సంత ఉన్నాయి. పాత ఇనుప సామాన్ల కుప్పల్లో ఇవి అప్పుడప్పుడు కనిపిస్తాయి. వెళ్లిన ప్రతిసారీ దొరుకుతాయని ఆశించకండి. అంతకంటే ముందు మీ ఇంట్లో, బంధువుల ఇళ్లల్లో, వీధిలో పాత క్షౌరశాల నడిపిన పెద్దమనుషుల దగ్గర అడగండి. మర్యాదగా అడిగి, న్యాయమైన ధర ఇస్తే చాలామంది సంతోషంగా ఇస్తారు, ఆ కత్తి గురించి ఏ రాయి మీద నూరేవారో కూడా చెబుతారు. ఆన్‌లైన్‌లో విదేశాల నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం, రవాణా ఖర్చు కత్తి ధరను మించిపోయిన సందర్భాలు చూశాను, ఆ లెక్క ముందే వేసుకోండి.

కొనే ముందు చేసే పరీక్ష మీద మీరు సమయం పెట్టాలి. ఒక పది రెట్ల భూతద్దం, బంగారం పనివారు కంటికి పెట్టుకునేది, వెంట ఉంచుకోండి. కత్తిని తెరిచి, వాదరను మీ కంటి వైపు తిప్పి, దీపం వెలుగులో నిటారుగా చూడండి. బాగున్న వాదర నుంచి వెలుగు తిరిగి రాదు, నల్లటి గీతలా కనిపిస్తుంది. ఎక్కడైనా తెల్లగా మెరిసిందంటే అక్కడ పదును చితికిందని అర్థం. చిన్న మెరుపులు నూరితే పోతాయి. పళ్లు ఊడినట్టుగా లోతుగా పెచ్చు లేచి ఉంటే ఆ లోతు దాకా కత్తి మొత్తం అరగదీయాలి, అలాంటిది వదిలేయండి.

తరువాత పక్కలు చూడండి. పైన ఎర్రటి తుప్పు పొర ఉంటే భయపడవద్దు, అది తుడిస్తే పోతుంది. నల్లటి మచ్చలు వెన్ను వైపు ఉన్నా ఇబ్బంది లేదు. వాదరకు రెండు మూడు మిల్లీమీటర్ల లోపల నల్లటి చిన్న చిన్న గుంటలు ఉంటేనే ముప్పు. పైకి ఒక చుక్కలా కనిపించే గుంట లోపల ఉక్కును తినేసి ఉంటుంది, నూరుతుండగా సరిగ్గా అక్కడే అంచు విరుగుతుంది. పిడి సెల్యులాయిడ్‌తో చేసినదైతే దాన్ని ఇంకా జాగ్రత్తగా చూడాలి. కొన్ని పాత సెల్యులాయిడ్ పిళ్లు కాలం గడిచేకొద్దీ క్షీణించి ఆమ్లపు ఆవిరి విడుస్తాయి, ఆ పిడి లోపల మూసి ఉన్న కత్తి మాత్రమే విచిత్రంగా తుప్పు పడుతుంది. పిడి మీద పగుళ్లు, కర్పూరంలాంటి ఘాటైన వాసన, కత్తి పిడిలో దాగే భాగంలోనే తుప్పు, ఈ మూడూ కలిసి కనిపిస్తే తీసుకోకండి.

ఆ తరువాత కత్తిని అద్దం పలక మీద పడుకోబెట్టి చూడండి. వెన్ను, వాదర రెండూ పొడవునా తగలాలి. ఒక మూల ఊగితే కత్తి మెలి తిరిగి ఉన్నట్టు. వాదర మధ్యలో లోపలికి వంగి, రెండు చివరలు ముందుకు వచ్చి ఉంటే ఆ వంపు గడ్డానికి పనికిరాదు. పరకాల నుంచి ఒక యువకుడు వాళ్ల తాతగారి కత్తి తెచ్చాడు, సరిగ్గా ఇలాగే ఉంది. నడుమ గుంట పడిన రాయి మీద ఏళ్ల తరబడి నూరినందువల్ల వచ్చిన అరుగుదల అది. దాన్ని తిన్నగా చేయడానికి ముతక రాయి మీద చాలాసేపు పని చేయాల్సి వచ్చింది. తాతగారి జ్ఞాపకం కనుక చేశాను గానీ, కొనే కత్తికైతే ఆ శ్రమ పడమని చెప్పను. కొద్దిగా బయటికి వంగిన వాదర, నవ్వుతున్నట్టుగా ఉండేది, తప్పు కాదు. వెన్ను మీద అరిగిన చార రెండు పక్కలా ఒకే వెడల్పులో ఉందో లేదో చూడండి, ఒకవైపు మరీ వెడల్పుగా ఉంటే కత్తి ఒంకరగా అరిగిందని తెలుస్తుంది. చివరగా, తోక దగ్గర, కత్తిని పిడికి కలిపే మేకు చుట్టూ సన్నటి పగులు ఉందేమో భూతద్దంతో వెతకండి. మేకు వదులైతే సుతారంగా సుత్తితో తట్టి బిగించుకోవచ్చు, ఉక్కులో పగులుకు మాత్రం మందు లేదు.

అద్దంలా తళతళలాడే పాత కత్తిని చూసి మురిసిపోకండి. కొందరు అమ్మకందారులు కత్తిని పాలిష్ చక్రానికి పెట్టి, తుప్పుతో పాటు మూలలను, ముద్రలను కూడా అరగదీస్తారు. అక్షరాలు మసకబారి, తోక అంచులు గుండ్రబడి, పక్కలు మాత్రం మెరుస్తుంటే అదే జరిగిందని గుర్తు. ఆ చక్రం దగ్గర ఉక్కు వేడెక్కిందా లేదా అన్నది పైకి తెలియదు. ఇటువంటి ఉక్కును గట్టిపరిచాక 150 నుంచి 200 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య కాచి పెళుసుతనం తగ్గిస్తారు, దానికి మించి వేడెక్కితే ఉక్కు మెత్తబడుతుంది. వాదర దగ్గర నీలం రంగు గానీ గోధుమ రంగు గానీ తేలితే ఆ కత్తి అయిపోయినట్టే. ఇదే కారణం చేత సైకిలు చక్రం తిప్పుతూ వీధుల్లో కత్తులకు సాన పట్టేవారికి మంగలి కత్తి ఎన్నడూ ఇవ్వకండి. వాళ్లు కూరగాయల కత్తికి చక్కగా పదును పెడతారు, ఈ కత్తిని మాత్రం ఆ చక్రం రెండు నిమిషాల్లో పాడు చేస్తుంది.

డమాస్కస్ పేరుతో అలలు అలలుగా గీతలున్న కత్తులు తక్కువ ధరకు చాలా కనిపిస్తున్నాయి. రెండు రకాల ఉక్కును కలిపి అతికి, ఆమ్లంలో ముంచి ఆ గీతలు తెప్పిస్తారు. మంచి కమ్మరి చేసినవి ఖరీదైనవి, బాగుంటాయి. చౌక ధరకు నా దగ్గరికి వచ్చినవాటిలో ఉక్కు మెత్తగా ఉండటం, వెన్ను రెండు పక్కలా సమానంగా లేకపోవడం చూశాను. ఒకదానికి రాయి మీద వాదర సగం పొడవే తగిలింది. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు, నిర్మల్ ప్రాంతానికీ ఆ పేరు ఉండేది. దాని గొప్పతనం విన్న మనవాళ్లు ఈ గీతలు చూసి అదే ఇది అనుకుంటారు. ఇది అది కాదు.

సిల్వర్ స్టీల్ అన్న ముద్ర సంగతీ ఇలాంటిదే. లండన్‌లో కత్తులు, శస్త్రచికిత్స పరికరాలు చేసే జేమ్స్ స్టోడార్ట్, శాస్త్రవేత్త మైకేల్ ఫారడే కలిసి భారతీయ ఉక్కును పరిశీలించి, ఉక్కులో రకరకాల లోహాలు కలిపి చూసి, 1820లోనూ 1822లోనూ ఆ ఫలితాలు ప్రకటించారు. వెండిని 500 వంతుల్లో ఒక వంతు కలిపితే మంచి ఫలితం వచ్చిందన్నారు. ఆ తరువాత షెఫీల్డ్ కత్తుల మీద ఆ ముద్ర బాగా వ్యాపించింది గానీ అది ఎక్కువగా అమ్మకం కోసం వేసిన పేరే. వెండి ఉందని చెప్పి ఎవరైనా వంద రూపాయలు ఎక్కువ అడిగినా ఇవ్వకండి.

కార్బనా స్టెయిన్‌లెస్సా అన్నారు. నూటికి సుమారు ఒక వంతు కార్బన్ ఉన్న మామూలు ఉక్కు రాయి మీద త్వరగా లొంగుతుంది, సన్నటి పదును తీసుకుంటుంది, కొత్తవారికి నూరడం నేర్చుకోవడానికి అదే మంచిది. స్టెయిన్‌లెస్ పదును ఎక్కువ కాలం నిలుస్తుంది, తడికి ఓర్చుకుంటుంది, కానీ నూరడానికి చాలా సమయం తీసుకుంటుంది. మన దగ్గర జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలిలో తడి ఎక్కువ కనుక కార్బన్ కత్తికి శ్రద్ధ కావాలి. గడ్డం అయిన వెంటనే మెత్తటి గుడ్డతో, వాదర వైపు చేయి పెట్టకుండా, వెన్ను నుంచి బయటికి తుడవాలి. మేకు దగ్గర పిడి లోపల మిగిలే నీటి చుక్కే మొదటి తుప్పు తెస్తుంది, అక్కడ పాత నూలు గుడ్డ పేలిక దూర్చి తుడవండి. కాసేపు తెరిచి ఆరనిచ్చి, కుట్టు మిషను నూనె ఒక్క చుక్క వేలితో పలచగా రాస్తే చాలు. స్నానాల గదిలో ఉంచవద్దు. ఈ పని రోజూ చేస్తాననుకుంటే కార్బన్ తీసుకోండి, చేయలేననిపిస్తే స్టెయిన్‌లెస్ కోసం ఇంకొంత కాలం డబ్బు కూడబెట్టండి.

గోల్డ్ డాలర్ గురించి నేను కొంచెం గౌరవంగానే మాట్లాడతాను. ఉక్కు బాగుంటుంది, ధర చాలా తక్కువ. లోపం తయారీ తీరులో ఉంది. తోక దగ్గర మందంగా ఉన్న భుజం రాయికి అడ్డు తగిలి, వాదర మడమ భాగాన్ని, అంటే తోక వైపు చివరను, పైకి లేపేస్తుంది. వెన్ను కూడా రెండు పక్కలా ఒకేలా ఉండదు. ఆ భుజాన్ని కొంచెం తగ్గించి, మడమను గుండ్రం చేసి, మొదటి నుంచి నూరితే అది నమ్మకమైన కత్తి అవుతుంది. అంత పని తెలిసినవారు లేకపోతే డబ్బాలోంచి తీసి నేరుగా మొహానికి పెట్టకండి. ఏ కొత్త కత్తి విషయంలోనైనా అంతే. గడ్డానికి సిద్ధం అని రాసి ఉంటే ఎవరు నూరారు, చివరి రాయి ఏది అని అడగండి.

మీ రెండో సగం డబ్బులో ముందు కొనాల్సింది తోలు పట్టీ. రెండున్నర అంగుళాల వెడల్పు, పొడవు అడుగున్నరకు తగ్గకుండా, పైన రంగు పూత లేని తోలు కావాలి. నడుముకు పెట్టుకునే బెల్టు సన్నగా, పూతతో ఉంటుంది కనుక పనికిరాదు. దాని పక్కన బట్ట పట్టీ కూడా ఉంటే మంచిది. దానికి ఖర్చు పెట్టనవసరం లేదు. పాత మంచాలకు అల్లే ముతక నూలు నవారు రెండడుగులు తీసుకుని, ఉతికి గంజి పోగొట్టి, బిగించి కట్టుకుంటే చక్కగా పనిచేస్తుంది. గడ్డం చేసుకునే ప్రతిసారీ నవారు మీద 20, 30 సార్లు, తోలు మీద 50, 60 సార్లు తీయాలి. వెన్ను ముందు నడవాలి, వాదర వెనక రావాలి, మలుపు తిప్పేటప్పుడు కత్తి వెన్ను మీదే దొర్లాలి. పట్టీని బిగువుగా లాగి పట్టుకోండి, వదులుగా వేలాడితే వాదర గుండ్రబడి మొద్దుబారుతుంది. నిదానంగా చేయండి, వేగం దానంతట అదే వస్తుంది.

సానరాయి కొనాలా అంటే, మొదటి ఆరు నెలలు అవసరం లేదు. సరిగా నూరిన కత్తి రోజూ తోలు మీద తీస్తుంటే నెలల తరబడి నడుస్తుంది. కాస్త మందగిస్తే క్రోమియం ఆక్సైడు ఆకుపచ్చ పొడి పూసిన వేరే గుడ్డ పట్టీ మీద పదిసార్లు తీస్తే తిరిగి కోలుకుంటుంది. ఆ పొడిని రోజూ వాడే తోలుకు మాత్రం పూయకండి. ఆ తరువాత మీరే నూరుకోవాలనుకుంటే పూర్తి వరుస 1000, 4000, 8000, 12000 నంబర్ల నీటి రాళ్లు. ఇవన్నీ కొంటే మీ బడ్జెట్ రెండుసార్లు అయిపోతుంది. దానికి బదులు నేను చెప్పే దారి ల్యాపింగ్ ఫిల్మ్. 9, 3, 1 మైక్రాన్ల కాగితాల్లాంటి పలచటి పొరలివి. నునుపైన పలక మీద నీళ్లు చల్లి అతికిస్తే రాయిలాగే పనిచేస్తాయి. పలక కోసం ఎక్కడికీ పోనక్కరలేదు. కరీంనగర్ గ్రానైట్ కోసే దుకాణాల దగ్గర పాలిష్ చేసిన ముక్కలు మిగులుతాయి. ఇనుప స్కేలు నిలబెట్టి వెలుగుకు చూసి, సందు కనిపించని ముక్క ఎంచుకోండి. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే బూడిద రంగు కార్బోరండం రాయి వడ్రంగి ఉలులకు సరే గానీ, ఈ కత్తికి దాని ముతక వైపు తగిలితే ఆ గీతలు పోగొట్టడానికి రోజు పడుతుంది.

పాత కత్తి కొన్నాక శుభ్రం విషయంలో నిర్లక్ష్యం చేయకండి. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకల్లో కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. సబ్బునీళ్లతో కడిగి, ఆరాక 70 శాతం స్పిరిట్‌తో కత్తిని, మేకు దగ్గరి సందులను బాగా తడిపి తుడవండి. కొమ్ము పిడి, సెల్యులాయిడ్ పిడి ఉన్న కత్తులను మరిగే నీళ్లలో వేయకూడదు. నూరించే పని ఈ శుభ్రం అయ్యాకే. ఒక కత్తి ఒక్కరిదే కావాలి, అన్నదమ్ములైనా పంచుకోవద్దు.

మీరు అడగని ఒక సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల మీ డబ్బు మిగలవచ్చు. మీకు ఇష్టమైనది ఉస్తరతో గీసుకునే పద్ధతి మాత్రమే అయి, నూరడం, తోలు మీద తీయడం మీద ఆసక్తి లేకపోతే, క్షౌరశాలల్లో వాడే బ్లేడు కత్తి కొన్ని వందల రూపాయలకే వస్తుంది. బ్లేడును సగానికి విరిచి పెట్టుకోవడమే. అయితే అది అసలు కత్తికి తొలి మెట్టు అని కొందరు చెప్పే మాటను నేను ఒప్పుకోను. సగం బ్లేడు పలచన, తప్పును అసలు క్షమించదు. బరువున్న కత్తి చర్మం మీద నిలకడగా నడుస్తుంది. బ్లేడు కత్తితో రెండుసార్లు కోసుకుని ఇది మనవల్ల కాదని వదిలేసినవారిలో కొందరికి నేను నూరిన కత్తి ఇస్తే వారం తిరగకుండా అలవాటు చేసుకున్నారు.

అన్నట్టు, మీ కొత్త కత్తి లాగుతున్నట్టు అనిపిస్తే, అది మొద్దని తేల్చే ముందు నురుగు చూసుకోండి. మన దగ్గర చాలా ఇళ్లలో బోరు నీళ్లు గట్టివి, సబ్బు నురగ కట్టకుండా తెల్లటి తెట్టులా తేలుతుంది. ఫిల్టరు నీళ్లతో నురుగు చేసి, గడ్డాన్ని వేడి నీళ్లతో మూడు నిమిషాలు నానబెట్టి, చర్మం బిగించి, కత్తిని 30 డిగ్రీల వాలులో పెట్టి, వెంట్రుక వాలిన దిక్కుకే గీయండి. మొదటి వారం రెండు బుగ్గలు మాత్రమే చేసి, గదవ, మెడ మామూలు రేజరుతో ముగించండి. అప్పటికీ లాగితే అది పదును లోపమే.

ఏదైనా కత్తి కంట్లో పడితే డబ్బు ఇచ్చే ముందు ఇక్కడ నాలుగు ఫోటోలు పెట్టండి: రెండు పక్కలు విడివిడిగా, వాదర పైకి తిప్పి ఒకటి, తోక మీద ముద్ర కనిపించేలా ఒకటి. పక్కన స్కేలు ఉంచి తీయండి. వెన్ను మందం, వెడల్పు రాయండి. కొనదగినదో కాదో చూసి చెబుతాను.